బోరుకొచ్చిన ఇంజిన్: బాగుచేయాలా, మార్చాలా?

"సార్, మా మామయ్య కారు బోరుకొచ్చిందంట. అంత మందపాటి ఇనప సిలిండరు ఎట్టా అరిగిద్ది సార్?"

ఇంటర్ క్లాసులో ఉష్ణగతిక శాస్త్రం చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. దీనికి జవాబు తెలిస్తే, ఆ మామయ్యను నిద్రపోనీయని ఇంకో ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. ఇంజిన్ దింపి, అరిగిన సిలిండరును కాస్త పెద్దగా చెక్కించే బోరింగ్ చేయించాలా, దాన్ని తీసేసి ఇంకోటి ఎక్కించాలా? మా పిడుగురాళ్లలో ఏ టీ కొట్టు దగ్గర అడిగినా తలా ఒక సలహా ఇస్తారు. పొగ రంగు చూసి ఒకరు, కారు వయసు చూసి ఒకరు తేల్చేస్తారు. నా దృష్టిలో ఈ తగవు తీర్చాల్సింది సిలిండరు గోడ. దాన్ని కొలవకుండా చెప్పే మాట ఏదైనా ఊహే.

ఆ గోడను గుండ్రంగా, నిటారుగా చెక్కడం మనిషికి అంత సులువుగా చేతకాలేదు. జేమ్స్ వాట్ ఆవిరియంత్రం ఏళ్ల తరబడి ముందుకు సాగకుండా ఆగిపోవడానికి ఒక పెద్ద కారణం పిస్టన్ పక్కల నుంచి ఆవిరి కారిపోవడం. అప్పటి యంత్రాల్లో బోరింగ్ కత్తిని మోసే కడ్డీకి ఒక కొసనే ఆధారం ఉండేది. పోతలో వంకర ఉంటే కత్తి కూడా ఆ వంకర వెంటే పోయేది. జాన్ విల్కిన్సన్ 1775లో కడ్డీని సిలిండరు లోపలినుంచి అవతలికి దూర్చి, రెండు కొసలా ఆధారమిచ్చాడు. కత్తి ఇక కడ్డీ చెప్పిన దారిలోనే నడిచింది. 50 అంగుళాల సిలిండరులో తేడా ఒక పాత నాణెం మందం దాటలేదని వాట్ భాగస్వామి బౌల్టన్ మురిసిపోయాడు. ఈనాడు మన లేతు షాపులో బోరింగ్ చేసే మనిషి మిల్లీమీటరులో నూరోవంతు తేడా వచ్చినా ఒప్పుకోడు.

గోడ కుదిరింది కానీ సందు మిగిలింది. పిస్టన్ కదలాలంటే చుట్టూ కాస్త ఖాళీ ఉండాల్సిందే. ఆ ఖాళీలో కొవ్వు పట్టించిన నార కుక్కేవాళ్లు. అది త్వరగా నలిగి కాలిపోయేది. 1850ల తొలినాళ్లలో మాంచెస్టరులో రైలింజన్లు చూసే జాన్ రామ్స్‌బాటమ్ దీనికి ఉపాయం పట్టాడు. సిలిండరు కంటే కాస్త పెద్ద లోహపు రింగును ఒకచోట కోసి, నొక్కిపట్టి, పిస్టన్ గాడిలో కూర్చోబెట్టాడు. విప్పుకోవాలని చూసే ఆ రింగు ఎప్పుడూ గోడను ఆనుకునే ఉంటుంది. నేటి కారు ఇంజిన్‌లో ఉన్నదీ ఆ రింగు సంతానమే.

నన్ను ఇన్నేళ్లుగా వదలని ముచ్చట ఈ రింగు పనితనమే. రింగుకు సొంతంగా ఉన్న స్ప్రింగు బలం కొద్దిపాటిది. పెట్రోలు మండినప్పుడు పుట్టే పీడనం వాతావరణ పీడనానికి పదుల రెట్లు ఉంటుంది. అంత పీడనాన్ని ఈ చిన్న బలం ఆపలేదు. ఆపేది ఆ వాయువే. మండిన వాయువు రింగు పైఅంచు పక్కనున్న సన్నని సందులోంచి గాడిలోకి దిగి, రింగు వెనక చేరి, దాన్ని గోడకేసి తోస్తుంది. పీడనం పెరిగినకొద్దీ పట్టు బిగుస్తుంది. తప్పించుకోవాలని చూసే వాయువే తలుపు మూస్తుందన్నమాట.

కుర్రాడి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. రింగు నేరుగా ఇనుమును తాకదు, మధ్యలో నూనె పొర ఉంటుంది. ఆ పొర నిలవాలంటే రింగు కదులుతూ ఉండాలి. పిస్టన్ పైకొస వరకూ వెళ్లి వెనక్కి తిరిగే క్షణంలో వేగం సున్నా. అప్పుడు నూనె పొర బాగా పలచబడుతుంది. వాయు పీడనం తారస్థాయికి చేరేదీ, వేడి ఎక్కువయ్యేదీ కూడా ఆ కొసనే. అంటే రింగు గోడను అత్యంత గట్టిగా నొక్కే చోటే నూనె అతి తక్కువ. అందుకే సిలిండరు పైభాగాన ఎక్కువగా, అడుగున చాలా తక్కువగా అరుగుతుంది. రింగు చేరని అంచు అరగకుండా మెట్టులా మిగిలిపోతుంది. హెడ్డు విప్పాక గోటితో గీస్తే ఆ మెట్టు తగులుతుంది. పైగా కనెక్టింగ్ రాడ్డు వాలుగా తోయడం వల్ల పిస్టన్ ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ పక్క అరుగుదల ఇంకాస్త ఎక్కువ. గుండ్రంగా పుట్టిన సిలిండరు పైన వెడల్పుగా, కింద సన్నగా, అడ్డంగా కోలగా మారుతుంది.

అందుకే "కొత్త రింగులు వేసి సరిపెట్టండి" అనే బేరం చాలాసార్లు నష్టం తెస్తుంది. నిమిషానికి 3000 తిరుగుళ్లలో పిస్టన్ సెకనుకు 100 సార్లు పైకో కిందికో ప్రయాణిస్తుంది. పైన వెడల్పు, కింద ఇరుకు ఉన్న గోడలో రింగు ప్రతి ప్రయాణంలోనూ విప్పుకోవాలి, ముడుచుకోవాలి. గాడి అరుగుతుంది, రింగు అలిసిపోతుంది. కొత్త రింగు పదునైన అంచు పైమెట్టుకు తగిలి విరగనూవచ్చు. కొద్ది నెలల్లో మళ్లీ పొగ, మళ్లీ ఆయిలు తాగుడు.

కొలవడానికి బోర్ గేజి ఉంటే మంచిది. లేకపోతే ఒక రింగు, సందులు కొలిచే ఒక ఫీలర్ గేజి చాలు. రింగును ఒట్టిగా సిలిండరులోకి దించి, పిస్టన్ తలతో సమంగా తోసి, దాని కొసల మధ్య ఎడం కొలవండి. ఒకసారి పైన, మెట్టుకు కాస్త దిగువన, ఇంకోసారి అడుగున. వ్యాసం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి 3.14 రెట్లు పెరుగుతుంది. పైన ఎడం 0.75 మిల్లీమీటర్లు, కింద 0.35 వచ్చిందనుకోండి. తేడా 0.40. దాన్ని 3.14తో భాగిస్తే దాదాపు 0.13. పై వ్యాసం కింది వ్యాసం కంటే అంత ఎక్కువన్నమాట. గేజికి అందని సూక్ష్మాన్ని పై అనే సంఖ్య మూడింతలు చేసి చూపిస్తుంది. దీన్ని ఆ కారు మాన్యువల్‌లో ఇచ్చిన పరిమితితో పోల్చాలి. అది దాటితే బోరింగే, రింగుల మాట వదిలేయాలి.

ఇంజిన్ విప్పకముందే కొంత తెలుసుకోవచ్చు. ఆయిల్ మూత తీసినప్పుడు ఊపిరిలా గాలి తన్నితే (దీన్నే మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు), వాయువు రింగులు దాటి కిందికి వస్తోందని అనుమానించాలి. పెట్రోలు ఇంజిన్‌లో కంప్రెషన్ గేజితో ఒకసారి చూసి, ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఆయిలు పోసి కంప్రెషన్ మళ్లీ చూడండి. రీడింగు పెరిగితే లోపం రింగుల దగ్గర, పెరగకపోతే వాల్వుల దగ్గరో హెడ్ గాస్కెట్ దగ్గరో. రెండోదే అయితే మొత్తం ఇంజిన్ మార్చే మాట ఎత్తనక్కర్లేదు.

అరుగుదలను తొందరపెట్టేది దుమ్ము. మా ఊరి సున్నపు బట్టీల తెల్లదుమ్మే ఇంజిన్లను తినేస్తోందని చాలామంది నమ్మకం. సున్నపురాయిలోని కాల్సైట్ కాఠిన్యం మోస్ కొలమానంలో 3. ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. ఇనుమును గీసేది రెండోది. తెల్లదుమ్ము ఫిల్టరును మూసేసి ఊపిరాడనీయదు; నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పక్కన లేచే మట్టిలోని ఇసుక నలుసు లోపలికి పోతే గోడను కోస్తుంది. రెండూ కలిసినచోట మూసుకుపోయిన ఫిల్టరును కంప్రెసరు గాలితో గట్టిగా ఊదితే కాగితం చిరుగుతుంది, ఆ చిరుగులోంచి ఇసుక నేరుగా సిలిండరుకు చేరుతుంది. పత్తి మిల్లుల దగ్గర దూది నూగు రేడియేటరు రెక్కల్లో ఇరుక్కుంటే ఇంజిన్ కాగి హెడ్డు వంకరపోతుంది.

పాతకాలపు ఇంజనీర్లు ఈ అరుగుదలను ముందే ఒప్పుకున్నారు. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్ చూడండి. మందపాటి పోత ఇనుము బ్లాకు, 73.025 మిల్లీమీటర్ల బోరు. గోడ అరిగితే కాస్త పెద్దది చేసి ఓవర్‌సైజు పిస్టన్ వేయడమే. 0.040 అంగుళం పెంచినా అది 1531 సీసీ అవుతుంది తప్ప బలహీనపడదు. ఆపైన కూడా అరిగితే లోపల గొట్టంలాంటి స్లీవు దిగ్గొట్టి మళ్లీ స్టాండర్డు సైజుకు తెచ్చేవాళ్లు. చాలా లారీలు, ట్రాక్టర్లలో సిలిండరు గోడగా పనిచేసే ఇలాంటి గొట్టం, అంటే లైనరు, విడిగానే ఉంటుంది. పిస్టన్, రింగులతో కలిపి కిట్ మార్చేస్తారు. బోరింగ్ అయ్యాక అద్దంలా మెరవకూడదు కూడా. హోనింగ్ రాయితో ఒకదాన్నొకటి ఖండించేలా సన్నని గీతలు పెడతారు, నూనె ఆ గీతల్లో నిలుస్తుంది.

తర్వాత బరువు తగ్గించే పోటీ మొదలైంది. 1971 మోడల్ షెవర్లె వేగా ఇనప లైనరు లేని అల్యూమినియం–సిలికాన్ బ్లాకుతో వచ్చి, వేడెక్కి, గోడలు చెడి పేరు పోగొట్టుకుంది. చాలామంది దానికి ఇనప స్లీవులే వేయించుకున్నారు. 1990లలో బీఎండబ్ల్యూ, జాగ్వార్‌ల నికాసిల్ పూత గోడలు గంధకం ఎక్కువున్న పెట్రోలుకు లొంగిపోయాయి. జాగ్వార్ తిరిగి ఇనప లైనర్లకే వచ్చింది. ఇలాంటి పూత గోడను మామూలు లేతు షాపులో బోరింగ్ చేస్తే పూతే పోతుంది.

ఇక తీర్పు. బ్లాకు పగలకుండా ఉండి, గోడ ఇనుముదై, ఓవర్‌సైజు పిస్టన్ దొరుకుతుంటే బాగుచేయించండి. అప్పుడు క్రాంకు, బేరింగులు, ఆయిల్ పంపు, హెడ్డు కూడా కొలిపించండి. సగం పని రెట్టింపు ఖర్చు. రాడ్డు బ్లాకును చీల్చుకు వచ్చినా, బ్లాకు బీటవారినా, పూత గోడ చెడినా హెడ్డు లేని హాఫ్ ఇంజినో ఫుల్ ఇంజినో మార్చడమే మేలు. సెకండ్ హ్యాండు ఇంజిన్ కొంటే డబ్బివ్వకముందు కంప్రెషన్ చూడండి, బిల్లు తీసుకోండి, నంబరు సరిపోల్చండి. ఆర్సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది కాబట్టి రవాణా శాఖ అనుమతి తీసుకుని మార్పు నమోదు చేయించండి. లేకపోతే బీమా దగ్గర, అమ్మకం దగ్గర ఇబ్బంది తప్పదు.

ఏ దారి పట్టినా మొదటి ఇంజిన్ ఎందుకు పోయిందో తేల్చుకున్నాకే రెండోది స్టార్టు చేయండి. ఫిల్టరు కొత్తది వేయండి, ఫిల్టరుకూ ఇంజిన్‌కూ మధ్యనున్న గొట్టం క్లిప్పులు బిగించండి, రేడియేటరు శుభ్రం చేయించండి. మీ మెకానిక్‌ను ఎంతవుతుందని అడిగే ముందు, గోడ ఎంత అరిగిందో అంకెల్లో రాసిమ్మని అడగండి.