ఊరికి వెళ్తే చదువు వెనకబడుతుందా?



"ఇంత ఫీజు కట్టి చదివిస్తుంటే, కాలేజీవాళ్లు పిల్లలతో ఊళ్లో రోడ్లు ఊడ్పించడమేమిటి?" డిగ్రీలో చేరిన పిల్లల తల్లిదండ్రులు కొందరు ఇలా అడుగుతుంటారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది.

జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) గాంధీజీ శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. ఇందులో చేరినవారు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ప్రత్యేక శిబిరమైతే దత్తత గ్రామంలో ఏడు రోజులు. చీపురు పట్టి, ఫొటో దిగి వచ్చినా అది సేవే. కానీ దాని వల్ల చదువుకు ఒరిగేది తక్కువ.

మన నీళ్ల సంగతే చూడండి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పళ్లకు, ఎముకలకు చేటు. ఆ కష్టం నల్లగొండ జిల్లాకు కొత్త కాదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే వచ్చింది. కెమిస్ట్రీ విద్యార్థులు నిడమనూరు మండలంలోని ఒక ఊరికి వెళ్లి, బోరు నీటిని పరీక్షించి, ఫలితాన్ని ఊరివాళ్లకు అర్థమయ్యేలా చెప్పి, తాము నేర్చుకున్నది రాశారనుకోండి. పాఠమూ వచ్చింది, ఊరికీ పనికొచ్చింది. సేవ ద్వారా నేర్చుకోవడమంటే ఇదే.

రేపు కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకులు, హాస్టల్‌తోపాటు ఈ మూడూ అడగండి:

• శిబిరంలో చేసే పని ఏ పాఠానికి సంబంధించింది?
• అది ఊరివాళ్లు కోరిన పనేనా?
• తిరిగొచ్చాక పిల్లలు దాని గురించి రాస్తారా, చర్చిస్తారా?

అప్పటిదాకా ఆగనక్కర్లేదు. మన ఇంటి తాగునీరు ఎక్కడి నుంచి వస్తోందో ఈ రాత్రి భోజనాల దగ్గర పిల్లల్ని అడిగి చూడండి.