పాలకేంద్రానికి నడిచి వెళ్ళండి

పాడి రైతుకు వేరే వ్యాయామం ఎందుకు, గొడ్డూ గోదా ఉన్నవాడికి తెల్లవారుజాము నుంచి పనే కదా అని సభ్యులు అనుకోవడం సహజం. ముప్పై నలభై ఏళ్ళ క్రితం ఈ మాటకు తిరుగులేదు. ఆ రోజుల్లో పోలవరం రైతు గోదావరి గట్టు వెంట గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేవాడు. నీళ్ళు తోడి తొట్టి నింపేవాడు. ఊడ్పు, కోత, నూర్పు అన్నీ ఒంటి బలం మీదే జరిగేవి. నేడు మీట నొక్కితే తొట్టి నిండుతోంది. గడ్డి నరకడానికి మోటారు వచ్చింది. వరికోత యంత్రం చేలో దిగితే రైతు గట్టు మీద నిలబడి చూడడమే పని. పాల క్యాను కూడా మోటారు సైకిలు ఎక్కి కేంద్రానికి వస్తోంది. ఇవేవీ వద్దని మేము అనడం లేదు, నడుములు విరిగే చాకిరీ తగ్గడం మంచిదే. అయితే పని తగ్గినంతగా కంచంలో అన్నం తగ్గలేదు. చిక్కంతా అక్కడ వచ్చింది.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, అంటే సుమారు 1,80,000 జనాభాలో, ఏడాది పొడుగునా జరిగిన మరణాలకు కారణాలు సేకరించారు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి చనిపోయినవారి బంధువులను అడిగి వివరాలు వ్రాసుకోగా, వైద్యులు వాటిని పరిశీలించారు. మొత్తం 1,354 మరణాలలో నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల సంభవించినవే. అంటే గుండెపోటు, పక్షవాతం. అంటురోగాల వల్ల పోయినవారు నూటికి 12 మంది మాత్రమే. పట్నం జబ్బులని మనం అనుకున్నవి అప్పటికే పల్లెలో తిష్ట వేశాయన్నమాట. ఈ ప్రాంతంలోనే 20 గ్రామాల్లో 30 ఏళ్ళు దాటినవారిని పరీక్షించగా నూటికి 13 మందికి చక్కెర వ్యాధి కనబడింది. వారిలో సుమారు సగం మందికి తమకు ఆ జబ్బు ఉన్నట్లే తెలియదు!

నడకకూ చక్కెరకూ ఏమిటి సంబంధం? అన్నం అరిగి చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. దానిని ఎక్కువగా వాడుకునేవి కండరాలు. కండరం కదులుతూ ఉంటే ఇన్సులిన్ కొంత మందగించినా రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. కదలకుండా కూర్చుంటే ఆ చక్కెర రక్తంలోనే నిలుస్తుంది, మిగిలినది కొవ్వుగా మారి పొట్ట చుట్టూ చేరుతుంది. పొట్ట పెరిగినకొద్దీ ఇన్సులిన్ పనితనం ఇంకా తగ్గుతుంది. పశువుల సంగతి మీకు ఒకరు చెప్పనక్కరలేదు. ఎప్పుడూ గుంజకే కట్టేసి ఉంచిన గేదెకు గిట్టలు పెరిగిపోతాయని, చూడి గేదెను రోజూ కాస్త తిప్పాలని మీకు తెలుసు. యజమాని విషయంలోనే ఆ తెలివిడి కనబడదు.

పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక లేక దానికి సమానమైన శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిచినా కనీస లెక్క సరిపోతుంది. చురుకైన నడక అంటే పక్కవానితో మాట్లాడగలగాలి, కూనిరాగం తీయడానికి మాత్రం ఊపిరి చాలకూడదు. మీ ఇంటికి పాలకేంద్రం కిలోమీటరు దూరం ఉన్నదనుకోండి. ఉదయం, సాయంత్రం నడిచి వెళ్ళి వస్తే నాలుగు కిలోమీటర్లు, సుమారు ముప్పావు గంట. రెండు మూడు లీటర్లు పోసేవారు చేత్తో పట్టుకుని నడవవచ్చు, పెద్ద క్యాను ఉన్నవారు సైకిలు తొక్కవచ్చు. పాలు విరిగిపోతాయని భయం వద్దు. పది పన్నెండు నిమిషాల నడకకు పాలు చెడవు. దారిలో టీ కొట్టు దగ్గర క్యాను దించి కబుర్లలో పడితేనే చెడతాయి.

రోహిణి కార్తె ఎండల్లో పొద్దెక్కాక నడక పెట్టుకోవద్దు. చీకటితో బయలుదేరేవారు టార్చిలైటు, కాళ్ళకు చెప్పులు మరువరాదు, గట్ల మీద పురుగూ పుట్రా ఉంటాయి. చక్కెరకు మందులు వాడేవారు జేబులో చిన్న బెల్లంముక్క ఉంచుకోవడం మేలు. నడుస్తుండగా గుండెల్లో పట్టేసినట్లున్నా, నొప్పి ఎడమచేతికి గాని దవడకు గాని పాకినా వెంటనే ఆగి 108కి ఫోను చేయించాలి. వాయునొప్పిలే అని సోడా తాగి ఊరుకున్నవారి ప్రాణాలు పోతున్నాయి.

ఆడవారి సంగతి వేరే చెప్పాలి. పాలు పిండడం, పేడ ఎత్తడం, వంట, కూలి, ఇన్ని చేసే ఇల్లాలికి నడవమని హితవు చెప్పడం న్యాయం కాదు. ఆమెకు కావలసినది కాస్త విశ్రాంతి, రక్తం పట్టే తిండి. మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నది. తోటకూర, మునగాకు, పప్పులు, గుడ్డు ఆమె కంచంలోకి కూడా రావాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆహారంలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. రెండు పూటలా కేంద్రానికి పాలు తీసుకువెళ్ళే పని మగవారు నడిచి చేస్తే ఇద్దరికీ లాభమే.

ఇక తిండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మనిషికి రోజుకు తిండిగింజలు 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు చాలు. మూడు పూటలా అన్నమే తినే ఇంట్లో బియ్యం దీనికి రెట్టింపు అవుతున్నాయి, కూర ఒక మూల ఉంటున్నది. కేంద్రంలో వెన్నశాతాన్ని బట్టి ధర కనుక వెన్నే బలమని మన మనసులో నాటుకుపోయింది. గేదెపాలలో వెన్న 6, 7 శాతం ఉంటుంది. ఎదిగే పిల్లలకు అది మంచిదే. పొట్ట వచ్చిన నడివయసు మనిషికి మీగడ తీసిన పాలు, పల్చని మజ్జిగ మేలు. మరొక మాట, పాల సంఘం పత్రికలో వ్రాయడం వింతగా ఉన్నా వ్రాయక తప్పదు: ఇంట్లో పిల్లలకు చుక్క ఉంచకుండా పాలన్నీ కేంద్రానికి పోయకండి.

ఉప్పు రోజుకు ఒక చెంచా, అంటే 5 గ్రాములు మించరాదు. ఆవకాయ, ఎండుచేప మానమంటే గోదావరి వాళ్ళెవరూ వినరు. పూటకో ముక్కతో సరిపెట్టుకోమని మాత్రమే మనవి. లంక పొగాకు చుట్ట విషయంలో ఇలాంటి బేరం లేదు, దాన్ని మానవలసిందే.

పోలవరం ప్రాజెక్టు ముంపు గ్రామాల నుంచి పునరావాస కాలనీలకు వచ్చిన కుటుంబాలను సంఘాలు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. కొండ, అడవి, ఏరు తిరిగిన కాళ్ళు అవి. వరస ఇళ్ళ మధ్య పశువును కట్టే చోటు దొరకనివారికి పాడి పోతుంది, దానితో నడకా పోతుంది. ఉమ్మడి పశువుల పాకకు స్థలం కోసం సంఘం పంచాయతీని అడగవచ్చు. కుర్రవాళ్ళకు చెడుగుడు గీత, ఒక వాలీబాలు వల అయితే పెద్ద ఖర్చు కూడా కాదు.

కేంద్రంలో పాలను రోజుకు రెండుసార్లు పరీక్షిస్తాము. ఆ పాలు పోసే మనిషి రక్తపోటును ఏడాదికి రెండుసార్లైనా పరీక్షించలేమా? ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి సంఘం ఒక ఉత్తరం వ్రాసి, సర్వసభ్య సమావేశం నాడు సిబ్బందిని పిలిపించుకోవచ్చు. 30 ఏళ్ళు దాటిన ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ ఆ రోజు రక్తపోటు, చక్కెర చూపించుకోవాలి. రక్తపోటు 140/90 గాని ఆపైన గాని ఉంటే మరొక రోజు మళ్ళీ చూపించుకుని, అప్పుడూ అలాగే ఉంటే వైద్యుని సలహా తీసుకోవాలి. మాత్రలు మొదలుపెట్టాక ఒంట్లో బాగానే ఉన్నదని సొంతంగా మానివేయకండి. బాగా ఉన్నది ఆ మాత్రల వల్లనే కావచ్చు.