టేకు తోటలో కోతులు

మొన్న ఆదివారం ఒక కోతి మన ఐదో తరగతి తమ్ముడి చేతిలో అరటిపండు లాక్కొని గీరింది. వార్డెన్ సారు గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగించి, ఆసుపత్రిలో సూది వేయించారు. మనమేమో రాళ్ళు తీసుకున్నాం. అసలు కోతులెందుకు వస్తున్నాయి?

కోతులు రాత్రి చిరుత భయంతో ఎత్తైన చెట్లమీద పడుకుంటాయి. తెల్లారగానే గుంపుగా మేతకు బయలుదేరతాయి. దొరికిన తిండిని బుగ్గసంచుల్లో కుక్కుకొని, తర్వాత తీరిగ్గా నములుతాయి. మధ్యాహ్నం నీడన చేరి ఒకదానికొకటి పేలు చూసుకుంటాయి. సాయంత్రం మళ్ళీ మేసి, చీకటి పడకముందే చెట్టెక్కుతాయి.

అడివిలో మేడి, మర్రి, తునికి, నేరేడు ఒకదాని తర్వాత ఒకటి పండుతాయి. మన హాస్టలు వెనక ప్లాంటేషన్లో అంతా టేకే. కోతి తినే పండ్లు ఉండవు. ఎండాకాలం ఆకు రాలి నీడ కూడా ఉండదు. అందుకే అవి తోట దాటి వస్తాయి. గోడవతల మనం పారేసే అన్నం వాటికి రోజూ దొరుకుతోంది. ఇక ఎందుకు పోతాయి?

కాబట్టి మిగిలిన అన్నం గుంటలో వేసి మన్ను కప్పుదాం. చేతిలో తిండితో బయట తిరగవద్దు. వానలు పడగానే తోట అంచున మేడి, నేరేడు మొక్కలు నాటుదాం. అవి కాసేసరికి మనం ఇక్కడ ఉండం, కానీ తమ్ముళ్ళుంటారు గదా!