మహానగరంలో పూటకూటి బస

బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతముల నుండి పిల్లలను ఇంగ్లండు చదువులకు పంపిన తలిదండ్రులు, వారి స్నాతకోత్సవమును కన్నులార చూచుటకు బయలుదేరునపుడు, విమానపు టిక్కెట్టును గూర్చి నెలల తరబడి తర్జనభర్జనలు సాగింతురే గాని, లండనులో తల దాచుకొను తావును గూర్చి చివరి వారమున గాని తలపెట్టరు. పెట్టిన పిమ్మట అద్దెను రూపాయలలోనికి మార్చి చూచుకొని, ఒక్క రాత్రి నిద్రకు ఇంత సొమ్మా యని గుండెలు బాదుకొందురు.

అట్టివారికి చెప్పదగిన చిరునామా ఒకటున్నది. వారెన్ స్ట్రీట్ భూగర్భ రైలు స్టేషనుకు అల్పదూరమున, ఫిట్జ్‌రాయ్ స్క్వేర్ అను ప్రాచీనమైన వాడలో, 41వ నంబరు గల భవనమున ఇండియన్ వై.ఎం.సి.ఏ. వసతిగృహము కలదు. అదే వాడలోని 29వ నంబరు ఇంట తొలుత బెర్నార్డ్ షా, తరువాత వర్జీనియా వుల్ఫ్ నివసించిరి.

1920లో ఈ సంస్థ వెలసినది విలాసయాత్రికుల కొరకు గాదు. బారిష్టరీకో, ఐ.సి.ఎస్. పరీక్షకో ఓడనెక్కి పోయిన మన యువకులు ఆనాడు పూటకూళ్ళ ఇండ్లపై ఆధారపడవలసి వచ్చెడిది; జాబులో ‘గది ఖాళీగా నున్నది’ అని వ్రాసిన యజమానురాలే, గుమ్మమున నిలిచిన వాని దేహచ్ఛాయను చూడగానే ‘నిండిపోయినది’ అని తలుపు మూయుట అపూర్వమేమియు గాదు. పరాయి నగరములో మనవానికి అవమానము లేని మంచమొకటి, ఉప్పుకారములు తగిలిన ముద్దయొకటి దొరకవలెనన్న సంకల్పమే దానికి పునాది. ఇప్పటి భవనమును 1950ల ఆరంభమున రూపొందించినవాడు, 1951 నాటి బ్రిటన్ మహోత్సవములో డోమ్ ఆఫ్ డిస్కవరీని నిర్మించిన రాల్ఫ్ టబ్స్.

గదులు చిన్నవి, ఆడంబరము మృగ్యము. హోటలు మర్యాదలను ఆశించి పోవువారు నిరాశ చెందుదురు, అది వారి తప్పే. మన సత్రములలో రొక్కము పుచ్చుకొనకపోయినను, పెక్కింట కులమునకొక పంక్తి యుండెడిది; ఇచ్చట రొక్కము పుచ్చుకొందురు, కాని భోజనశాలలో ఎవడు ఎవని ప్రక్కన కూర్చుండెనో అడుగు వాడు లేడు. ఈ రెండింటిలో ఏది పుణ్యమో తేల్చుట నాకు కష్టమనిపించలేదు.

చౌక యన్నది అద్దె అంకెను బట్టి మాత్రమే నిర్ణయింపరాదు. నగరపు శివారున నాలుగు పౌనులు తగ్గినదని మురిసి దిగినవాడు, ఆ నాలుగు పౌనులను, వానితోబాటు మరి కొన్నింటిని, రాకపోకల రైలుకు ప్రతిదినము సమర్పించుకొనును. నడిబొడ్డున బస చేసినవాడు కాలినడకన పోవును. ఆ నడకలో ఇరువది నిమిషములకే బ్రిటిష్ మ్యూజియము వచ్చును, ప్రవేశము ఉచితము.

అందు 33ఏ గది మనవారు తప్పక చూడవలసినది. అమరావతి స్తూపమును అలంకరించిన శిల్పఫలకములు అచ్చటనే యున్నవి. వాల్టర్ ఇలియట్ 1845లో త్రవ్వించిన శిలలలో పెక్కింటిని మద్రాసు నుండి 1859లో ఓడపై లండనుకు తరలించిరి. అంతకు పూర్వమే, 1830 ప్రాంతమున, రాబర్ట్‌సన్ అను దొర అదే స్తూపపు రాళ్ళను కొన్నింటిని బందరుకు తెప్పించి క్రొత్త అంగడివీధికి అలంకారముగా నిలిపినాడు. రాబర్ట్‌సన్‌పేట పేరు నేటికిని బందరులో నిలిచియున్నది. ఆ రాళ్ళు మాత్రము బందరులో నిలువలేదు.

వేసవిలో, స్నాతకోత్సవముల కాలములో, ఇట్టి బసలు త్వరగా నిండిపోవును. కావున పిల్లవాని పరీక్షల తేదీ తెలిసిన నాడే, విమానపు టిక్కెట్టు కంటె ముందుగా గది కుదుర్చుకొనుడు.