పిల్లి ముఖంపై మచ్చలు

కిందటి విభాగంలో మెలనిన్ తయారుచేసే కణాలను గురించి చదివారు. వాటి ప్రభావాన్ని పిల్లి ముఖంపై స్పష్టంగా చూడవచ్చు.

నారింజ రంగు పిల్లుల పెదవుల అంచున, ముక్కుపై, చిగుళ్లపై, కనురెప్పల అంచున మిరియాల పొడి చల్లినట్లు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. తడిగుడ్డతో తుడిచినా పోవు. దీనిని లెంటిగో అంటారు. బాహ్యచర్మపు అడుగుపొరలో మెలనిన్ కణాలు ఎక్కువ కావడమే ఇందుకు కారణం. ఈ చుక్కలు సాధారణంగా చిన్న వయస్సులోనే మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతాయి. నొప్పి, దురద ఉండవు, చికిత్స అక్కరలేదు.

అయితే వేలితో తాకి చూడండి. లెంటిగో చుక్క చర్మంతో సమానంగా, చదునుగా ఉంటుంది. మచ్చ ఉబ్బినా, త్వరగా పెరిగినా, రక్తం కారినా అది మెలనోమా కావచ్చు. అప్పుడు పశువైద్యుడు చిన్న ముక్క తీసి పరీక్షించవలసిందే.

తెల్ల పిల్లుల విషయం వేరు. వీటి చర్మంలో మెలనిన్ రక్షణ లేదు. ఏళ్ల తరబడి ఎండ తగిలితే చెవి కొనలు, ముక్కు, కనురెప్పలు ఎర్రబారి, పెచ్చు కట్టి, చివరకు మానని పుండు పడుతుంది. పోట్లాటలో తగిలిన గీతేననుకుని పసుపు రాస్తూ వారాలు గడిపేవారున్నారు. అది స్క్వామస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ అయితే ఆ వారాలే విలువైనవి. వ్యాధి చెవి కొనకే పరిమితమై ఉన్నప్పుడు ఆ భాగాన్ని శస్త్రచికిత్సతో తొలగిస్తే చాలా పిల్లులు కోలుకుంటాయి.

తెల్ల పిల్లిని మిట్టమధ్యాహ్నం ఇంట్లోనే ఉంచండి. మనుషుల సన్‌స్క్రీన్ మాత్రం రాయకండి. పిల్లి దానిని నాకేస్తుంది. అందులోని జింక్ ఆక్సైడ్, సాలిసిలేట్లు దానికి విషం.