పాత సర్వర్ ప్రాసెసరా, పాత డెస్క్‌టాప్ ప్రాసెసరా?

పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామిక వాడల్లో చిన్న మెషిన్ షాపుకు కూడా ఇవాళ కంప్యూటర్ తప్పనిసరి. కొటేషన్లు, జీఎస్టీ బిల్లులు, ఆటోక్యాడ్ డ్రాయింగులు, సీఎన్‌సీ ప్రోగ్రాములు అన్నీ దాని మీదే. కొత్తది కొనలేనివాళ్లు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో ఆన్‌లైన్‌లోనో పాతది చూసుకుంటారు. అప్పుడే ఈ సందేహం వస్తుంది: 14 కోర్ల పాత సర్వర్ ప్రాసెసర్ జియాన్ తీసుకోవాలా, 6 కోర్ల డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఐ5 తీసుకోవాలా? కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే ఒక భాగం. ఎక్కువ కోర్లుంటే ఎక్కువ వేగం అనుకోవడం సహజం. చాలా పనుల విషయంలో అది నిజం కాదు.

సర్వర్ చిప్పులు పాతబడ్డాక ఎందుకంత చవకవుతాయో ముందు చూద్దాం. పెద్ద డేటా సెంటర్లు కొన్నేళ్లకోసారి సర్వర్లను మూకుమ్మడిగా మారుస్తాయి. కొత్తలో లక్షకు పైగా పలికిన చిప్పులు ఒక్కసారిగా మార్కెట్లోకి వచ్చిపడతాయి. చవకైనంత మాత్రాన అవి నాసిరకం కావు. కాకపోతే వాటిని తయారుచేసింది వేరే పనికి.

రెండు చిప్పులను పక్కపక్కన పెట్టి చూద్దాం. 2016లో వచ్చిన జియాన్ ఈ5-2680 వీ4లో 14 కోర్లు. ఒకటి రెండు కోర్లే పనిచేస్తుంటే గరిష్ఠంగా 3.3 గిగాహెర్ట్జ్ వేగం, అన్నీ పనిచేస్తే 2.9. 2017లో వచ్చిన ఐ5-8400లో 6 కోర్లు. ఒక్క కోర్‌తో 4.0, అన్నీ కలిసి 3.8 గిగాహెర్ట్జ్. అంటే జియాన్‌లో చేతులెక్కువ, ఐ5లో ఒక్కో చెయ్యీ చురుకు.

మెషిన్ షాపువాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒకే షాఫ్టును టర్నింగ్ చేయాలంటే షెడ్డులో 14 లేత్‌లున్నా పని జరిగేది ఒక్కదాని మీదే. 200 షాఫ్టుల ఆర్డరొస్తేనే మిగతా లేత్‌లకు పని.

జీన్ ఆమ్డాల్ అనే ఇంజినీరు 1967లోనే ఈ సంగతిని లెక్కకట్టి చెప్పారు. ఐ5లోని ఒక్క కోర్‌కు 100 నిమిషాలు పట్టే పని ఉందనుకుందాం. అందులో సగమే కోర్లకు పంచడానికి వీలైతే ఐ5 దాన్ని సుమారు 59 నిమిషాల్లో ముగిస్తుంది. కోర్లు రెట్టింపుకు మించి ఉన్నా జియాన్‌కు సుమారు 66 నిమిషాలు పడుతుంది. పంచలేని సగం దాని నిదానమైన కోర్ మీద పడటమే కారణం. అదే 95 శాతం పంచగలిగిన పనైతే ఐ5కి దాదాపు 22 నిమిషాలు, జియాన్‌కు 15. ఇది పైన చెప్పిన గిగాహెర్ట్జ్ వేగాలను బట్టి వేసిన లెక్కే. అయినా తేడా ఎక్కడుందో తెలియడానికి చాలు.

ఇక మన పనులకొద్దాం. ఆటోక్యాడ్‌లో డ్రాయింగ్ గీయడం ఎక్కువగా ఒకే కోర్ మీద నడుస్తుంది. బిల్లింగ్, ఎక్సెల్, ఈమెయిళ్లకు 14 కోర్లు దండగ. వీటికి ఐ5 లాంటిదే మేలు. కంది ఐఐటీలోనో చుట్టుపక్కల కాలేజీల్లోనో చదువుతూ గాలి, నీటి ప్రవాహాల సిమ్యులేషన్లు చేసే విద్యార్థి సంగతి వేరు. ఆ లెక్కలు ఎన్ని కోర్లుంటే అన్నింటినీ వాడుకుంటాయి. మెమరీ వేగం కూడా కావాలి. జియాన్‌కు నాలుగు మెమరీ ఛానెళ్లు, ఐ5కి రెండే. పైగా జియాన్‌లో వాడే ఈసీసీ మెమరీ చిన్న చిన్న తప్పులను తనే దిద్దుకుంటుంది. రాత్రంతా నడిచే లెక్కకు అది పెద్ద భరోసా.

కరెంటు ఖర్చును రెండు విధాలుగా చూడాలి. తయారీ కంపెనీ లెక్క ప్రకారం జియాన్ 120 వాట్లు, ఐ5 65 వాట్లు. పూర్తి లోడ్ మీద నెలంతా ఆపకుండా నడిపితే తేడా సుమారు 40 యూనిట్లు. సిమ్యులేషన్ అయితే జియాన్ త్వరగా ముగిస్తుంది కాబట్టి, పని పూర్తయ్యేసరికి రెండింటి ఖర్చూ దాదాపు సమానమే. ఊరికే ఆన్‌లో ఉండే ఆఫీసు కంప్యూటర్‌కు మాత్రం సర్వర్ బోర్డు, గ్రాఫిక్స్ కార్డు లాగే కరెంటు శుద్ధ నష్టం.

చిప్పు ధర చూసి మురిసిపోతే తర్వాతి ఖర్చులు కనిపించవు. ఈ జియాన్‌లో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొనాలి. సర్వర్ల రిజిస్టర్డ్ మెమరీ మామూలు డెస్క్‌టాప్ బోర్డులో పనిచేయదు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 మద్దతు జాబితాలో ఐ5-8400 ఉంది, ఈ జియాన్ లేదు. లైనక్స్ మీద పనిచేసేవారికి ఈ చిక్కు లేదు. జీఎస్టీ, బ్యాంకు లావాదేవీలు నడిపే ఆఫీసు మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

కొనేముందు నమ్మకమైన పరీక్ష ఒకటుంది. మీ అసలు ఫైలునే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, షాపులో తెరిచి, టాస్క్ మేనేజర్‌లో కోర్లన్నీ విడివిడిగా కనిపించేలా పెట్టండి. ఒకటి రెండు గ్రాఫులే పైకి లేచి మిగతావి కింద పడుంటే ఐ5 తీసుకోండి. అన్నీ నిండుగా లేస్తే జియాన్‌కు పెట్టే డబ్బు వృథా కాదు. చిన్న షెడ్డుకైనా విద్యార్థికైనా పెట్టే ప్రతి రూపాయీ విలువైనదే. అందుకే అమ్మేవాళ్లు చెప్పే కోర్ల లెక్కకన్నా మీ ఫైలు చూపించే లెక్కనే నమ్మండి.