రేపటి ఫ్యాక్టరీకి నీళ్లు యాడివి?

పోయిన నెల మా మనవడు పనపాక్కం షూ కంపెనీకి అప్లికేషన్ రాసుకుంటా కూర్చున్నాడు. నేను పక్కన చేరి, "ఒరే, అంత పెద్ద కంపెనీకి నీళ్లు యాణ్ణించి తెస్తారంట?" అని అడిగినాను. వాడు తల కూడా ఎత్తకుండా, "తాతా, నీకెప్పుడూ నీళ్ల గోలే" అన్నాడు.

మా నెమిలి తాలూకా పనపాక్కంలో 2024 సెప్టెంబరు 28న టాటా మోటార్స్ కార్ల ఫ్యాక్టరీకి ముఖ్యమంత్రి స్టాలిన్ గారు పునాదిరాయి వేసినారు. 9,000 కోట్ల పెట్టుబడి, 5,000 మందికి పని అన్నారు. అదే డిసెంబరులో హాంగ్ ఫు వాళ్ల షూ ఫ్యాక్టరీకి కూడా వేసినారు. దాంట్లో 25,000 మందికి పని అంట. నాకు సంతోషమే. మిల్లు మూతపడిన ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతాదో మన పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పాలా?

అయినా ఆ ప్రశ్న నన్ను విడవలేదు. కారణం చెప్తాను.

నేను గుడియాత్తం పక్క ఒక మిల్లులో అద్దకం సెక్షన్‌లో చేసినాను. బ్లీచింగ్, రంగు, కడుగు, మళ్లా కడుగు. కిలో గుడ్డకు సుమారు నూరు లీటర్లు పట్టేది. రాత్రి షిఫ్టులో మేస్త్రి "తిప్పు" అంటే రంగు నీళ్ల వాల్వు తిప్పేవాణ్ణి. అవి కాలవలో పడి పోయేవి. ఆ కాలవ కిందే మా అక్క వాళ్ల చేను. ఒక ఎండాకాలం ఆమె మా ఇంటికొచ్చి చెంబు ముందర పెట్టి, "తమ్ముడా, చూడరా నా బాయి నీళ్లు" అనింది. నీలంగా ఉన్నాయి. వాల్వు తిప్పింది నేనేనని ఆమెకు అప్పుడూ చెప్పలేదు, తరువాతా చెప్పలేదు. ఇప్పుడు ఆమె లేదు.

సరే, లెక్కకు వస్తాను. ఒక నది పక్కన రేపు ఫ్యాక్టరీలకు ఎంత నీళ్లు కావాలో పెద్ద ఇంజనీర్లు ఎట్లా కడతారో, మన మిల్లు లెక్కతోనే చూడొచ్చు. ఊరికే లెక్క కోసం అనుకోండి: రోజుకు వెయ్యి కిలోల గుడ్డ, కిలోకు 100 లీటర్లు, మొత్తం లక్ష లీటర్లు. వాడిన నీళ్లలో ముక్కాలు భాగం శుద్ధి చేసి మళ్లా వాడితే కొత్త నీళ్లు 25,000 లీటర్లు చాలు. బాగుంది కదా? కానీ గుడ్డ నాలుగింతలు అయితే మళ్లా లక్ష లీటర్ల కాడికే వస్తాము. అందుకే ఒక్క ఏడాది లెక్క చాలదు. ఎంత పెరుగుతాది, ఎంత తిరిగి వాడతారు, మిగిలిన నీళ్లు ఏ గతిలో బయటికి పోతాయి అనే మూడూ కలిపి చూడాలి.

దేశం మొత్తానికి ఈ లెక్క కేంద్రం వేసిన జాతీయ కమిషన్ 1999లో కట్టింది. వాడకం ఎక్కువగా ఉంటే 2025కి పరిశ్రమలకు 6,700 కోట్ల ఘనపు మీటర్లు, 2050కి 8,100 కోట్లు. కరెంటుకు 2025కి 3,300 కోట్లు, 2050కి 7,000 కోట్లు. చూడండి, పరిశ్రమ కన్నా కరెంటే బిరబిరా పెరుగుతాది!

కరెంటుకు నీళ్లెందుకు అంటారేమో. బొగ్గు కాల్చి ఆవిరి చేసి, ఆ ఆవిరిని మళ్లా చల్లార్చే దానికి. నీళ్లు తిప్పి చల్లార్చే పాత స్టేషన్లు యూనిట్‌కు మూడున్నర లీటర్లు దాటకూడదని 2015 డిసెంబరులో కేంద్రం నిబంధన పెట్టింది. ఆ లెక్కన మనకు రెండు నెలలకు ఫ్రీగా ఇచ్చే 100 యూనిట్ల వెనక 350 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు ఇరవై మూడు. సముద్రం ఒడ్డున ఉండే స్టేషన్లు ఉప్పు నీళ్లతోనే చల్లార్చుకుంటాయి, అది మేలు. సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే ఫ్యాక్టరీ 2013 నుంచి నెమ్మేలిలో నడస్తా ఉండాది. (మా నెమిలి కాదు. అది మద్రాసు దక్షిణాన సముద్రం పక్క ఊరు. పేరు విని మా చుట్టం ఒకాయన నన్ను అడగనే అడిగినాడు!) అయితే అట్లా వెయ్యి లీటర్లు తీసే దానికి మూడు నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. తిరుప్పూరులోనూ ఇదే కథ. 2011 జనవరిలో హైకోర్టు అద్దకం యూనిట్లు మూయమన్న తరువాత, చుక్క బయటికి వదలకుండా శుద్ధి చేస్తేనే నడిపేది అయింది. నీళ్లు మిగిలినాయి, కరెంటు బిల్లూ కట్టెల ఖర్చూ ఎక్కినాయి.

మా పక్క నీళ్లు పాలారువి. 1858లో వాలాజా దగ్గర కట్టిన ఆనకట్ట నుంచి కాలవలు కావేరిపాక్కం చెరువుకూ మహేంద్రవాడి చెరువుకూ పోతాయి. కావేరిపాక్కం నిండి పొర్లితే కుశస్థలి, అది పూండికి, అక్కణ్ణించి మద్రాసు కుళాయికి. 2021 నవంబరులో పాలారు రెండు గట్లూ ఒరుసుకుని పారింది. మామూలు ఏడాదిలో ఇసకే. ఆ నీళ్ల మీదే చేనూ, ఊరూ, మద్రాసూ చెయ్యి చాస్తాయి. ఇప్పుడు ఇంకొక చెయ్యి వస్తాది.

లెక్క ముందే కట్టకపోతే ఏమవుతాదో వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట చూపించినాయి. కిలో తోలుకు 35 లీటర్లు పట్టి, విషపు నీళ్లు విపరీతంగా బయటికొస్తాయని 1996 ఆగస్టు 28 తీర్పులో సుప్రీంకోర్టే రాసింది. సుమారు 35,000 హెక్టార్ల భూమి కొంతో పూర్తిగానో సేద్యానికి పనికిరాకుండా పోయిందనీ ఆ తీర్పులోనే ఉండాది. ఇరవై ఎనిమిదేళ్లు దాటినాక, 2025 జనవరి 30న, అదే సంగతి మీద ఆ కోర్టే మళ్లా తీర్పు చెప్పాల్సి వచ్చింది.

మనవడి అప్లికేషన్ పోయింది. బస్సు చార్జీ నేనే ఇచ్చినాను. వాడి చేతనే ఇంకొక కాగితం కూడా రాయించినాను, టౌన్ పంచాయతీ ఆఫీసులో ఇచ్చే దానికి. కొత్త ఫ్యాక్టరీలకు రోజుకు ఎన్ని లీటర్లు, ఏ చెరువు నుంచి, తిరిగి వాడేది ఎంత, అని అడిగినాము. చివర నేను చెప్పిన ఇంకొక ప్రశ్న వాడు రాయకుండా ఒక నిమిషం నా మొహం చూసినాడు. రాత్రి షిఫ్టులో వాల్వు ఎవరు తిప్పుతారు, ఆ రిజిస్టరు ఎవరు చూస్తారు అని.

"ఇది ఎందుకు తాతా?" అన్నాడు. అప్పుడు వాడికి చెప్పినాను, వాళ్ల పెద్దమ్మమ్మ చెంబు సంగతి.